పెద్దలు ‘మన వద్ద’ ఉండటమంటే

వృద్ధులైన తల్లిదండ్రులను వేరొక నివాసంలో చేర్చి, వారి పోషణకూ సేవకూ నెలనెలా డబ్బు చెల్లిస్తే సంతానం బాధ్యత తీరినట్లేనా? ఒకప్పుడు ఈ ప్రశ్న మా వంటి మదరసా బోధకుల ముందుకు చాలా అరుదుగా వచ్చేది. ఇప్పుడు జుమా నమాజు ముగిశాక మస్జిదు మెట్ల మీద వినిపిస్తోంది. కువైట్ నుంచీ, రియాద్ నుంచీ వచ్చే ఫోన్లలోనూ వినిపిస్తోంది. ఇలా అడిగేవారు కఠిన హృదయులు కారు. అమ్మీ స్నానాల గదిలో జారిపడిన సంగతి మూడో నాటికి గాని తెలియక కుమిలిపోతున్నవారు, అబ్బాకు వేళకు మాత్రలు ఇచ్చే మనిషి దొరకక తల్లడిల్లుతున్నవారు.

మా ఎర్రగుంట్ల చుట్టూ నాపరాయి గనులు, పాలిషింగ్ యంత్రాలు, సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. కలమళ్ళ దగ్గర రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. అయినా ఎందరో యువకులు ఉపాధి కోసం బెంగళూరుకో గల్ఫ్ దేశాలకో తరలిపోతూనే ఉన్నారు. కడప, రాయచోటి ప్రాంతాల స్త్రీలు సైతం కువైట్ ఇళ్ళలో పనికి వెళతారు. అక్కడి ముసలివారికి అన్నం తినిపించేది, చక్రాల కుర్చీ తోసేది వీరే. ఇక్కడ వారి కన్నతల్లి మాత్రం పొరుగింటివారి దయ మీద ఆధారపడి ఉంటుంది. పంపిన దీనార్లతో ఇంటికి కొత్త అంతస్తు లేస్తుంది గాని, రాత్రి రెండు గంటలకు దాహం వేస్తే నీళ్ళందించే చేయి ఉండదు.

2011 జనగణన నాటికే మన దేశంలో అరవై ఏళ్ళు నిండినవారు 10 కోట్ల 38 లక్షల మంది. ఆ సంఖ్య ఏటేటా పెరుగుతోంది. కనుక ఈ ప్రశ్నకు ‘అవును’, ‘కాదు’ అని ఒక్క మాటలో జవాబు చెప్పి పంపివేయటం న్యాయం కాదు. షరీఅత్ ఏమి కోరుతోందో, వృద్ధుల నివాసాన్ని అమానతుగా నడపటమంటే ఏమిటో వివరంగా ఆలోచించవలసిన సమయం వచ్చింది.

‘ఇందక’ అనే మాట

తల్లిదండ్రుల పట్ల ఉత్తమంగా మెలగాలని దివ్య ఖుర్‌ఆన్ అనేకచోట్ల ఆదేశించింది. బనీ ఇస్రాయీల్ సూరా 23వ ఆయతులో వారి వృద్ధాప్యాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించి, విసుగు ధ్వనించే చిన్న మాట కూడా పలకరాదని హెచ్చరించింది. ఆ సందర్భంలో ‘ఇందక’ అనే పదం వచ్చింది. ‘నీ వద్ద’ అని దాని అర్థం. అంటే నీ సంరక్షణలో, నీ పూచీలో అన్నమాట. బాల్యంలో మనం వారి వద్ద ఉన్నాము. వృద్ధాప్యంలో వారు మన వద్ద ఉంటారు.

ఈ ఒక్క పదం మన ప్రశ్న స్వరూపాన్నే మార్చివేస్తుంది. ఒకే కప్పు కింద ఉన్నంత మాత్రాన ‘వద్ద’ ఉన్నట్లేనా? వెనుక గదిలో మంచం వేసి, అన్నం పళ్ళెం గడప దగ్గర పెట్టి, రోజంతా ఎవరూ సలాము చెప్పని ఇళ్ళు మన మహల్లాలలో లేవా? ఆ పెద్దలు కొడుకు ఇంట్లో ఉన్నారు గాని, కొడుకు వద్ద లేరు. ఇక కొడుకు దూరదేశంలో ఉన్నప్పటికీ తల్లి ఆరోగ్యం, ఆమె ఇష్టాయిష్టాలు, ఆమె చికిత్స అతని పూచీలోనే ఉండవచ్చు. ఆమెను చూసుకునే మనుషులతో అతడు ప్రతిదినం మాట్లాడుతూ ఉండవచ్చు. అలాంటప్పుడు ఆమె అతని వద్ద ఉన్నట్లే. డబ్బు చెల్లించటం పూచీలో ఒక భాగం మాత్రమే. దానితోనే పూచీ తీరిపోదు.

ఇక్కడ ఫిఖ్హ్ నియమాలు రెండు గుర్తు చేయాలి. పేదవారైన తల్లిదండ్రుల పోషణ స్తోమత గల సంతానంపై వాజిబ్. హనఫీ ఫిఖ్హ్‌లోని ప్రసిద్ధ అభిప్రాయం ప్రకారం ఈ బాధ్యత కొడుకులపైనా కూతుళ్ళపైనా సమానంగా ఉంటుంది. కూతురికి పెళ్ళి చేసి పంపాము గనుక ఆమెకు సంబంధం లేదని అనటం మన అలవాటే గాని షరీఅత్ కాదు. రెండవది, అత్తమామలకు సేవ చేయటం కోడలి సద్గుణం, దానికి గొప్ప పుణ్యం ఉంది. కాని షరీఅత్ ఆమెపై విధించిన బాధ్యత కాదది. మొదటి బాధ్యత కన్నబిడ్డలదే. భారమంతా కోడలి నెత్తిన వేసి, ఆమె అలసిపోతే ఆమెనే నిందించే ఇళ్ళలో అత్తకూ సుఖం ఉండదు, కోడలికీ ఉండదు.

కనుక మొదటి స్థానం ఇంటిదే. ఇంట్లో చూసుకునే అవకాశం ఉండి కూడా విసుగుతో, నామోషీతో పెద్దలను బయటికి పంపటం పాపం. కాని బిడ్డలు లేనివారు, బిడ్డలు ఉన్నా దగ్గర లేనివారు, ఇంట్లో సాధ్యం కానంత సేవ అవసరమైనవారు ఉన్నారు. వారికి సహాయంతో కూడిన ఒక నివాసం ఏర్పరచటం సమాజంపై సమష్టి బాధ్యత. కొందరు పూనుకొని చేస్తే అందరి బాధ్యత తీరుతుంది. ఎవరూ చేయకపోతే అందరూ జవాబుదారులే.

లోపలి గొళ్ళెం

వృద్ధాశ్రమం అనగానే వరుసగా మంచాలు వేసిన హాలు, గంట కొట్టి అన్నం పెట్టే పద్ధతి గుర్తుకు వస్తాయి. అమెరికాలో ‘అసిస్టెడ్ లివింగ్’ అనే పద్ధతి ఈ చిత్రాన్ని మార్చాలనే పట్టుదల నుంచే పుట్టింది. కెరెన్ బ్రౌన్ విల్సన్ అనే మహిళ తల్లి యాభై అయిదేళ్ళ వయసులో పక్షవాతానికి గురై, ఏళ్ళ తరబడి నర్సింగ్ హోములలో గడపవలసి వచ్చింది. తన వంటివారి కోసం ఏదైనా చేయమని ఆ తల్లి కూతుర్ని కోరేది. ఆమె కోరినవి పెద్ద సౌకర్యాలేమీ కావు. తనదైన చిన్న గది, అందులో చిన్న వంటసామాను, తన వస్తువులు, తాను వేసుకోగల తలుపు గొళ్ళెం. ఆ కోరికలే ఆధారంగా కూతురు 1983లో ఆరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నగరంలో ‘పార్క్ ప్లేస్’ పేరిట 112 గృహాల నివాసం ప్రారంభించింది. ముసలివారి చేతికి గొళ్ళెం ఇస్తే ప్రమాదమని చాలామంది భయపడ్డారు. అయినా ఆ పద్ధతి అక్కడ విస్తృతంగా వ్యాపించింది.

ఆ తల్లి కోరినది మనకు కొత్త కాదు. ఇతరుల ఇళ్ళలోకి అనుమతి అడిగి, సలాము చెప్పి గాని ప్రవేశించరాదని నూర్ సూరా నేర్పుతోంది. సహాయ నివాసంలో పెద్దావిడ ఉండే గది ఆమె ఇల్లే. ఆమె మంచం పట్టినంత మాత్రాన ఆ ఆజ్ఞ రద్దు కాదు. ఆయా అయినా, డాక్టరైనా, విరాళమిచ్చిన సేఠ్ అయినా తలుపు తట్టి, సలాము చెప్పి, జవాబు విన్నాకనే లోపలికి వెళ్ళాలి. నివాసం నడిపేవారు మొదట రాసుకోవలసిన నియమం ఇదేనని మేము భావిస్తాము. అత్యవసరంలో బయటి నుంచి కూడా తెరవగలిగే గొళ్ళేలు దొరుకుతాయి గనుక భద్రతకు లోటు రాదు.

కట్టడానికి ముందు కాలినడక

సత్కార్యం తలపెట్టిన మరుక్షణం మన జమాఅతులలో స్థలం, సిమెంటు, శంకుస్థాపన మాటలు మొదలవుతాయి. కేరళలోని మలప్పురం జిల్లా మరో దారి చూపింది. ముస్లిములు అధిక సంఖ్యలో ఉన్న ఆ జిల్లా నుంచి కూడా మన కడప వలెనే ఎందరో గల్ఫ్ దేశాలకు వెళ్ళారు. 1993లో కోళికోడ్ వైద్య కళాశాలలో డాక్టర్ ఎం. ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ ప్రభృతులు తీవ్ర రోగుల బాధ తగ్గించే పాలియేటివ్ సేవ ప్రారంభించారు. తరువాత కొన్నేళ్ళకు మలప్పురంలో అది పొరుగువారి సేవాజాలంగా రూపుదిద్దుకొంది. వారానికి కనీసం రెండు గంటలు ఇవ్వగలవారిని చేర్చుకొని, పదహారు గంటల పాఠాలు, ఆపైన రోగుల దగ్గర శిక్షణ ఇచ్చారు. నర్సు, స్వచ్ఛంద సేవకులు ఇంటింటికీ వెళ్ళి పుండ్లు కడిగారు, మంచాన ఉన్నవారిని పక్కకు తిప్పటం ఇంటివారికి నేర్పారు. ఖర్చులో అధిక భాగం సామాన్యుల చిన్న చిన్న విరాళాలతోనే నడిచింది. 2008లో కేరళ ప్రభుత్వం ఈ సేవకు ఒక విధానాన్నే ప్రకటించింది.

దీనికి మన చరిత్రలో ఉత్తమమైన ఆదర్శం ఉంది. మక్కా విజయ సమయంలో హజ్రత్ అబూబక్ర్ (రజి) చూపు పోయిన తన వృద్ధ తండ్రి అబూ ఖుహాఫాను దైవప్రవక్త (స) సన్నిధికి తీసుకొని వచ్చారు. ఆ పెద్దాయనను ఇంటనే ఉండనిచ్చి ఉంటే తామే ఆయన వద్దకు వచ్చి ఉండేవారమని దైవప్రవక్త (స) అన్నారు. విజేతగా నగరంలో ప్రవేశించిన రోజున కూడా ఆయన దృష్టిలో నడిచి వెళ్ళవలసినది పెద్దల దగ్గరకే.

కనుక ఎర్రగుంట్ల వంటి ఊరిలో మొదటి సంవత్సరం ఇటుక పేర్చవలసిన పని లేదు. మహల్లా వారీగా ఒంటరి వృద్ధుల పట్టిక తయారుచేయాలి. స్నానం, బట్టలు వేసుకోవటం, మరుగుదొడ్డికి వెళ్ళటం, మంచం నుంచి లేచి కూర్చోవటం, మలమూత్రాలపై అదుపు, అన్నం తినటం అనే ఆరు పనులను వైద్యులు కొలమానంగా వాడతారు. వీటిలో ఎవరికి ఏది చేతకావటం లేదో రాసుకోవాలి. సేవకులు వారానికోసారి వెళ్ళాలి. ఇంట్లోనే గడుపుకోగలవారు ఎందరు, పగటివేళ తోడు చాలినవారు ఎందరు, నిజంగా నివాసం కావలసినవారు ఎందరు అన్నది అప్పుడు తేలుతుంది. నివాసం ఎంత పెద్దది కావాలో ఆ పట్టికే చెబుతుంది.

నడిపే చోట కనిపించని పని

నివాసం అవసరమని తేలితే, నడిపేవారు ముందు లెక్క వేయవలసినది మనుషులను. ఒకచోట రాత్రింబవళ్ళు ఒక్క మనిషి మెలకువతో ఉండాలంటే ఎనిమిది గంటల వంతులు వారానికి ఇరవై ఒకటి. వారానికి ఒక సెలవు తీసుకునే మనిషి ఆరు వంతులు చేస్తాడు. స్త్రీల వైపు ఒకరు, పురుషుల వైపు ఒకరు ఉండాలంటే నలభై రెండు వంతులకు ఏడుగురు కావాలి. వంటమనిషి, పాకీ పని, నర్సు దీనికి అదనం. ‘ఇద్దరు ఆయాలు చాలులే’ అనుకొని మొదలుపెట్టిన చోట రాత్రివేళ ఎవరూ మెలకువగా ఉండరు. కూలివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న ప్రవక్త (స) బోధను ఇక్కడ పాటించకపోతే మంచి ఆయాలు నిలవరు. ఆయా మారినప్పుడల్లా కొత్త చేతుల మధ్య సిగ్గుతో ముడుచుకుపోయేది పెద్దలే. స్త్రీలకు స్త్రీలే స్నానం చేయించాలి, పురుషులకు పురుషులే చేయించాలి. సతర్ నియమం మంచాన పడినవారికి కూడా వర్తిస్తుంది.

రెండవది నేల. మన ప్రాంతపు నాపరాయి అందమైనది, చవకైనది. కాని నున్నగా పాలిష్ చేసిన బండ మీద నీళ్ళు పడితే వృద్ధుల పాలిట అది ఉచ్చే. స్నానాల గదిలో, వుజూ చేసే చోట గరుకు బండ వేయాలి. చేతికి ఆసరాగా గోడకు కడ్డీలు బిగించాలి. వుజూకు కూర్చొనే ఎత్తయిన అరుగు, కుర్చీ వంటి మరుగుదొడ్డి, రాత్రంతా వెలిగే చిన్న దీపం, గడప లేని ద్వారం ఉండాలి. తుంటి ఎముక విరిగిన ముసలివారు మళ్ళీ మునుపటిలా నడవటం కష్టం. మార్చి దాటిందంటే మన సీమ ఎండలు ఎలా ఉంటాయో చెప్పనక్కరలేదు. సిమెంటు రేకుల కప్పు కింద పెద్దలను ఉంచటం వారిని పొయ్యి మీద కూర్చోబెట్టటమే. వయసు మీద పడినవారికి దాహం సరిగా తెలియదు. కాబట్టి అడిగితే ఇవ్వటం కాక, వేళకు వేళ నీళ్ళు తాగించాలి.

మూడవది మందులు. ప్రతి పెద్దమనిషి పేరిట ఒక పుస్తకం ఉండాలి. ఏ మాత్ర, ఎప్పుడు, ఎవరిచ్చారు అన్నది ఇచ్చిన మనిషే సంతకం చేయాలి. మంచం పట్టినవారిని దాదాపు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపున పుండ్లు పడతాయి. రమజాన్‌కు ముందే డాక్టరుతో సంప్రదించాలి. షుగరుకు ఇన్సులిన్ తీసుకునే పెద్దలు పట్టుదలతో ఉపవాసం ఉంటే ప్రాణాపాయం రావచ్చు. శాశ్వతంగా అశక్తులైన వృద్ధులకు ఫిద్యా వెసులుబాటు అల్లాహ్ ఇచ్చినదే. దాన్ని స్వీకరించటం లోపం కాదని వారికి ప్రేమతో చెప్పే ఆలిమ్ అవసరం. నిలబడలేనివారు కూర్చొని, కూర్చోలేనివారు పడుకొని నమాజు చేయవచ్చు. మతి పూర్తిగా తప్పినవారిపై ఆ బాధ్యతే ఉండదు. అటువంటి దాదీ చేసిన నమాజునే పదిసార్లు చేస్తుంటే వాదించవద్దు, పక్కన కూర్చోండి.

నాలుగవది, వారి మాట. సంగటి మెత్తగా ఉండాలా, జొన్నరొట్టె పాలలో నానబెట్టాలా, ఎప్పుడు నిద్రపోవాలి, ఎవరు చూడటానికి రావాలి అన్నవి వారినే అడగాలి. చేతనైనవారికి పని కూడా ఉండాలి. ఖుర్‌ఆన్ చదవటం తెలిసిన నానీ దగ్గర మహల్లా పిల్లలు సాయంత్రం సబఖ్ చెప్పుకోవచ్చు. పెద్దలు సేవ పొందేవారుగానే మిగిలిపోక, నేర్పేవారుగా కూడా ఉన్నప్పుడు నివాసానికి జీవం వస్తుంది.

సొమ్ము విషయంలో షరీఅత్

ఇక్కడ చాలామంది పొరబడతారు గనుక స్పష్టంగా రాస్తున్నాము. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జకాత్ నెరవేరాలంటే అర్హుడైన పేదను ఆ సొమ్ముకు యజమానిని చేయాలి. దీనినే తమ్లీక్ అంటారు. కనుక జకాత్ సొమ్ముతో గోడలు కట్టరాదు, బోరు వేయరాదు, ఆయాలకు జీతాలు ఇవ్వరాదు. వీటికి లిల్లాహ్ విరాళాలు, ఐచ్ఛిక సదఖా, వక్ఫ్ ఆదాయం వాడాలి. నివాసంలోని పేద వృద్ధునికి జకాత్ సొమ్ము చేతికిచ్చి, ఆయన తన ఇష్టంతో తన ఖర్చు చెల్లించుకుంటే దోషం లేదు. అయితే ఎవరూ తమ తల్లిదండ్రులకు, తాతలు అవ్వలకు జకాత్ ఇవ్వరాదు. తల్లి నివాస ఖర్చును కొడుకు తన జకాత్‌లో జమ కట్టుకుంటే జకాత్ నెరవేరదు. ఆ ఖర్చు అతనిపై వేరుగా వాజిబ్ అయిన పోషణ.

వృద్ధాప్య పింఛను పెద్దల సొంతం. మన రాష్ట్రంలో 2024 నుంచి అది నెలకు 4,000 రూపాయలు. దానిని నివాసం తనంతట తాను పట్టుకోరాదు. ‘ఇల్లు రాసిస్తే చివరిదాకా చూస్తాము’ అనే బేరం నివాసం నోట రానేకూడదు. నెలనెలా జమాఖర్చులు మస్జిదు నోటీసు బోర్డు మీద పెట్టాలి. స్థలం వక్ఫ్ చేసేవారు దాని ఉద్దేశాన్ని వక్ఫ్‌నామాలో స్పష్టంగా రాయాలి. వాకిఫ్ పెట్టిన షరతును తరువాతివారు మార్చటానికి వీలుండదు.

ద్వారం ఎవరికి తెరవాలి అన్న ప్రశ్నకు కూడా మన చరిత్రలో జవాబు ఉంది. బిచ్చమెత్తుతున్న ఒక వృద్ధ యూదుణ్ణి చూసి హజ్రత్ ఉమర్ (రజి) జిజియా మాఫీ చేసి, బైతుల్‌మాల్ నుంచి పోషణ ఏర్పాటు చేసిన సంఘటనను ఇమాం అబూ యూసుఫ్ ‘కితాబుల్ ఖరాజ్’లో నమోదు చేశారు. సుల్తాన్ రెండవ అబ్దుల్ హమీద్ కాలంలో, 1896లో ఇస్తాంబుల్‌లో ప్రారంభమైన ‘దారుల్ అజజా’ ఆవరణలో మస్జిదు, చర్చి, యూదుల ప్రార్థనాలయం మూడూ ఉన్నాయి. ఎర్రగుంట్లలో మన పక్కింటి రెడ్డిగారి తల్లికో, కూలి చేసి బతికిన దళిత వృద్ధునికో అక్కడ మంచం లేకపోతే దానిని ఇస్లామీయ నివాసమని పిలవటం కష్టం.

చట్టం ఇచ్చిన తోడు

2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం గురించి ప్రతి కుటుంబం తెలుసుకోవాలి. పోషించని సంతానంపై వృద్ధులు ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. ఆదరిస్తారన్న షరతుతో ఆస్తి రాసిచ్చాక సంతానం మాట తప్పితే ఆ బదిలీని రద్దు చేయించుకునే హక్కు 23వ సెక్షను ఇస్తోంది. వృద్ధులను వదిలివేస్తే మూడు నెలల వరకు జైలుశిక్ష గాని, జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే నివాసాన్ని ప్రభుత్వాలు దశలవారీగా ఏర్పాటు చేయవచ్చునని 19వ సెక్షను పేర్కొంటోంది. వృద్ధుల సహాయానికి 14567 ఉచిత ఫోన్ నంబరు ఉంది. డెబ్బై ఏళ్ళు నిండినవారందరికీ 2024 నుంచి ఆయుష్మాన్ భారత్ కింద ఏటా 5 లక్షల రూపాయల వరకు వైద్య బీమా వర్తిస్తోంది. స్వచ్ఛంద సంస్థలు నడిపే నివాసాలకు కేంద్రం అటల్ వయో అభ్యుదయ యోజన కింద గ్రాంటు ఇస్తోంది. ఇవన్నీ మన హక్కులు. అయితే ట్రిబ్యునల్ నెలకు కొంత సొమ్ము ఇప్పించగలదు గాని, కొడుకు చేత సలాము చెప్పించలేదు.

సంతానం నుంచి రాతపూర్వకంగా

నివాసంలో చేర్చుకునే రోజున సంతానం చేత ఒక ఒప్పందం రాయించాలి. పెద్దవారి సమ్మతి వారి నోటనే, ఏకాంతంగా అడిగి తెలుసుకోవాలి. ప్రతిదినం ఫోను ఎవరు చేస్తారు, ఊరిలో ఉన్న బిడ్డ వారానికి ఎన్నిసార్లు వస్తాడు, రెండు ఈదులకు ఇంటికి ఎవరు తీసుకువెళతారు, ఆసుపత్రి నిర్ణయాలు ఎవరివి, గుసుల్, జనాజా ఎక్కడ జరగాలి అన్నవన్నీ అందులో ఉండాలి. ఫీజు ఆలస్యమైతే నివాసం ఓర్చుకోవచ్చు, కాని నెల రోజులు ఫోను రాకపోతే ఓర్చుకోరాదు. జమాఅత్ పెద్దలు ఆ బిడ్డను పిలిచి అడగాలి. ‘ఇందక’ అనే ఆజ్ఞ కాగితం మీద ఆచరణగా మారేది ఇక్కడే.

పాఠకులారా! మీ మహల్లాలో ఒంటరిగా ఉంటున్న పెద్దలు ఎందరో ఈ వారంలోనే లెక్క తీయండి. పది ఇళ్ళకు ఇద్దరు చొప్పున వారానికి రెండు గంటలు ఇచ్చే యువతీ యువకులను ఎంచుకోండి. నివాసం అవసరమో కాదో తరువాత తేలుతుంది. విదేశాలలో ఉన్నవారు ఈ రాత్రే ఇంటికి ఫోను చేయండి. డబ్బు అందిందా అని అడగటానికి ముందు, ఈ రోజు ఏం తిన్నారు, ఎవరితో మాట్లాడారు అని అడగండి. మన చిన్ననాట మన పట్ల దయ చూపిన వారిపై అల్లాహ్ దయ చూపుగాక! వారిని తుదివరకు మన వద్దనే ఉంచుకునే సౌభాగ్యాన్ని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.